తొలకరిలో యోగాభ్యాసం మొదలుపెట్టడం ఎలా? ఆసనానికి ఆయుర్వేదం చెప్పే కొలత

2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతోంది. ఆ ఉత్సాహంతోనే మన వరంగల్, హనుమకొండ ప్రాంతాల్లో చాలామంది కొత్త చాప కొనుక్కుని అభ్యాసం మొదలుపెడతారు. అయితే సరిగ్గా అదే సమయంలో మనకు తొలకరి పడుతుంది. మనిషి బలం చలికాలంలో ఎక్కువగానూ, ఎండాకాలం, వానాకాలాల్లో తక్కువగానూ ఉంటుందనీ, వర్షరుతువులో జఠరాగ్ని, అంటే అరిగించుకునే శక్తి, మందగిస్తుంది గనుక శ్రమ తగ్గించుకోవాలనీ వాగ్భటుడు రాసిన ప్రాచీన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం చెబుతుంది. ఏ ఆసనం ఎలా వేయాలో యోగం నేర్పితే, ఈ రుతువులో ఈ మనిషి ఎంతవరకు వేయవచ్చో ఆయుర్వేదం తేలుస్తుంది. అందువల్ల తొలకరిలో మొదలుపెట్టేవారు కింది క్రమాన్ని పాటించడం మంచిది.

లేవగానే అరుగుదల చూసుకోండి

నిద్ర లేచాక రాత్రి తిన్న కూర వాసనతో తేన్పు వస్తోందా, ఒళ్లు బరువుగా ఉందా, విరేచనం సాఫీగా అయిందా అని గమనించాలి. తేన్పు శుద్ధిగా ఉండి, ఒళ్లు తేలికపడి, ఆకలి తెలుస్తుంటేనే రాత్రి భోజనం జీర్ణమైనట్టు. లేకుంటే ఆ రోజు ఆసనాలు మాని, గోరువెచ్చని నీళ్లు తాగి కాసేపు నడవడం చాలు. ఒక ఆషాఢమాసంలో, విందు భోజనం తిన్న మర్నాడు ఈ మాట లెక్కచేయకుండా నేను భద్రకాళి చెరువు కట్ట మీద సూర్యనమస్కారాలు చేశాను. పన్నెండో నమస్కారానికి కళ్లు తిరిగి అక్కడే కూలబడ్డాను. ఆనాటి నుంచి తేన్పు చూసుకోకుండా చాప పరచలేదు.

నూనె రాసుకోండి

అభ్యంగనంలో, అంటే ఒంటికి నూనె పట్టించడంలో, తలకు, చెవులకు, పాదాలకు ప్రాధాన్యం ఇమ్మని శాస్త్రం. రోజూ తలంటుకు తీరిక లేనివారు గోరువెచ్చని నువ్వుల నూనెను పాదాలకు, మోకాళ్లకు, నడుముకు పట్టించి, పావుగంట తరువాత అరికాళ్లు శుభ్రంగా తుడుచుకోవాలి. తుడవకపోతే చాప మీద కాలు జారుతుంది. అజీర్ణం, జలుబు, దగ్గు ఉన్ననాడు నూనె వద్దు.

సగం బలం దగ్గర ఆగండి

నా దృష్టిలో యోగం, ఆయుర్వేదం ఒకదానికొకటి ఎక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడే. బలవంతులు, నెయ్యి నూనెలతో తినేవారు సైతం చలికాలంలోనూ, వసంతంలోనూ తమ శక్తిలో సగం వరకే వ్యాయామం చేయాలనీ, తక్కిన కాలాల్లో ఇంకా తక్కువగా చేయాలనీ వాగ్భటుడు అంటాడు. ఆ సగాన్ని గడియారంతో కొలవలేము. నుదుటి మీద, ముక్కు కొన మీద, చంకల్లో చెమట చిమ్మి, నోరు ఎండి, ముక్కుతో తీసే ఊపిరి చాలక నోరు తెరవాల్సి వచ్చిందంటే సగం పూర్తయినట్టు. వానాకాలపు ఉక్కలో ఊరికే కూర్చున్నా చెమట పడుతుంది కాబట్టి చెమటకంటే ఊపిరినే నమ్మాలి. తాడాసనం, భుజంగాసనం, పవనముక్తాసనం, వక్రాసనం నిదానంగా వేస్తూ, ఊపిరి నోటికి రాకముందే శవాసనంలోకి వెళ్లండి.

ప్రాణాయామాన్ని దోషాన్ని బట్టి ఎంచుకోండి

మొదటి రోజే అందరిచేతా కపాలభాతి (ఊపిరిని వేగంగా, కుదుపుతో బయటికి వదలడం) చేయించడం నాకు సరిగా తోచదు. కపాలభాతి షట్కర్మల్లో, అంటే ఒంటిని శుద్ధి చేసే ఆరు యోగక్రియల్లో, ఒకటి. కొవ్వు, కఫం అధికంగా ఉన్నవారే ముందుగా షట్కర్మలు చేయాలనీ, వాత, పిత్త, కఫాలనే దోషాలు సమంగా ఉన్నవారికి అవి అక్కర్లేదనీ హఠయోగప్రదీపిక స్పష్టంగా చెబుతుంది. యోగగ్రంథమే వాత, పిత్త, కఫాల భాషలో మాట్లాడుతున్నప్పుడు మనం దాన్ని ఎలా పక్కన పెడతాం? ప్రాణాయామాల్లో ఉజ్జాయి (గొంతు కాస్త బిగించి ఊపిరి తీయడం) కఫాన్ని, సూర్యభేదనం (కుడి ముక్కుతో ఊపిరి తీయడం) వాతాన్ని, శీతలి (చుట్టిన నాలుకతో ఊపిరి తీయడం) పిత్తాన్ని తగ్గిస్తాయని అదే గ్రంథం చెబుతుంది. రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు కపాలభాతి జోలికి వెళ్లకూడదు. తమ ప్రకృతి, అంటే తమ ఒంట్లో ఏ దోషం ఎక్కువో, తెలియనివారు వరంగల్‌లోని అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి చోట వైద్యులను అడిగి తెలుసుకోవాలి. వాడుతున్న మందులను మాత్రం సొంతంగా ఆపరాదు.

స్నానం, భోజనం

శవాసనం తరువాత అరగంట ఆగి, పెసరపిండితో నలుగు పెట్టుకుని స్నానం చేయండి. కడుపులో రెండు పాళ్లు అన్నానికి, ఒక పాలు ద్రవానికి ఇచ్చి, నాలుగో పాలు ఖాళీగా ఉంచమని ఆయుర్వేదం చెబుతుంది. నాలుగో వంతు వదిలి తినడమే మితాహారమని హఠయోగమూ అంటుంది. ఈ రుతువులో పాత బియ్యపు అన్నం, పెసరకట్టు, శొంఠి కలిపిన పలుచని మజ్జిగ తేలికగా అరుగుతాయి. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగిస్తే మర్నాటి తేన్పు దానంతటదే శుద్ధిగా ఉంటుంది.

చలి మొదలయ్యాక పెంచండి

కార్తీకం దాటాక ఆకలి పెరుగుతుంది. అప్పుడు వారానికి రెండేసి చొప్పున సూర్యనమస్కారాలు కలుపుకుంటూ పోవచ్చు. నువ్వులు కలిపి చేసే సకినాలను సంక్రాంతినాటికి తిని అరిగించుకోగల అగ్ని ఆ రోజుల్లో ఉంటుంది. ఫాల్గుణ, చైత్రాల్లోనూ అదే మోతాదు కొనసాగించి, వైశాఖపు ఎండలు ముదరగానే సగానికి దింపి, పొద్దు పొడవకముందే ఆసనాలు ముగించి, చివర శీతలి చేయండి.