తక్కువ బడ్జెట్‌లో మొదటి రోడ్ సైకిల్ ఎంచుకోవడం ఎలా?

కిందికి వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు ఉన్న రోడ్ సైకిల్ కొందామని షాపుకెళ్తే ముందు వినిపించేవి గేర్ల సంఖ్య, బరువు, డిస్కౌంటు. వాటన్నిటికంటే ముందు మీరు చూడాల్సింది సైజు. సైజు కుదరకపోతే ఎంత ఖరీదైన సైకిలైనా మెడ నొప్పి, చేతుల తిమ్మిరి తెస్తుంది. ఒంటికి సరిపోయే ఫ్రేమ్ దొరికితే మామూలు గేర్లతోనే ఏళ్ల తరబడి హాయిగా తొక్కొచ్చు.

1. ముందు డబ్బు లెక్క

చేతిలో 40 వేలుంటే సైకిల్‌ని 35 వేల లోపే చూసుకోండి. మిగతాది హెల్మెట్, ముందు వెనక లైట్లు, మీటరున్న పంపు, స్పేర్ ట్యూబు, తాళం కోసం. హెల్మెట్ తర్వాత కొందాంలే అని వాయిదా వేయకండి.

2. సైజు తేల్చుకోవడం

చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడండి. గట్టి అట్టున్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడి తగిలేలా పైకి నొక్కండి. నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలిచి, ఆ సంఖ్యను 0.883తో గుణించండి. పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా అదే. కొలత 80 సెం.మీ. అయితే 70.6 సెం.మీ. అన్నమాట.

షాపులో సీటును ఆ ఎత్తుకు పెట్టించండి. సీటుతో పాటు పైకి లేచే గొట్టం మీద ఒక హద్దు గీత ఉంటుంది. అది బయటికి కనిపిస్తే ఫ్రేమ్ మీకు చిన్నది. పై గొట్టానికి చెరో పక్క కాలు పెట్టి నిలబడితే రెండు, మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. తర్వాత బ్రేకు లివర్ల మీద చేతులు పెట్టి చూడండి. మోచేతులు కాస్త వంగి, భుజాలు వదులుగా ఉంటే సరే. ముందుకు సాగి అందుకోవాల్సి వస్తే అది పెద్దది. 5 అడుగుల 7 అంగుళాల వాళ్లకు చాలావరకు 52 లేదా 54 సైజు సరిపోతుంది. కానీ కొలతలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి ఆ మోడల్ చార్టు చూడాలి. “మీ సైజు స్టాక్ లేదు, ఇదే అడ్జస్ట్ చేసిస్తాం సార్” అంటే కొనకుండా వచ్చేయండి. సీటు పైకీ కిందికీ జరుగుతుంది కానీ ఫ్రేమ్ పొడవు మారదు.

3. టైర్లకు చోటు

మన స్పీడు బ్రేకర్ల మీద, గుంతల మీద 25 మి.మీ. టైర్లతో రోజూ తిరగడం కష్టం. 28 మి.మీ. ఉండాలి, 32 పట్టేంత చోటుంటే ఇంకా మంచిది. లావు టైరులో గాలి కాస్త తక్కువ కొట్టుకోవచ్చు, కుదుపు తగ్గుతుంది. ఈ సైకిళ్లలో చాలావాటికి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. రోడ్డు పక్క పంచర్ షాపు పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని బ్యాగులో వేసుకోండి.

4. గేర్లు, బ్రేకులు

సైకిల్ గేర్లు తయారుచేసే షిమానో కంపెనీలో టోర్నీ, క్లారిస్, సోరా, టియాగ్రా అనే వరుసలో స్థాయి, ధర పెరుగుతాయి. కుదిరితే క్లారిస్ తీసుకోండి. వెనక 8 గేర్లు, బ్రేకు లివర్‌తోనే గేరు మార్చొచ్చు. అనంతగిరి, కైలాసగిరి లాంటి కొండలు ఎక్కాలనుకుంటే ముందు పెడళ్ల దగ్గరి చిన్న పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద పళ్ల చక్రానికి 32 ఉన్నాయో లేదో అడగండి. బరువు కిలో తగ్గించుకోవడానికి అదనంగా పది వేలు పెట్టొద్దు. 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరప్రయాణ రైడ్) ఇచ్చే సమయం పదమూడున్నర గంటలు, అంటే గంటకు 15 కిలోమీటర్ల లోపే. అందులో అక్కరకొచ్చేది నొప్పిలేకుండా కూర్చోగలగడం. బ్రేకుల్లో కేబుల్‌తో పనిచేసేవైతే ఏ ఊళ్లోనైనా బాగు చేయించుకోవచ్చు.

5. సెకండ్ హ్యాండ్ అయితే

ఈ బడ్జెట్‌లో పాత కార్బన్ ఫ్రేమ్ జోలికి వెళ్లకండి, లోపలి పగులు కంటికి కనిపించదు. అల్యూమినియం ఫ్రేమ్‌లో గొట్టాలు కలిసే చోట్ల వేలితో తడిమి చూడండి. చక్రాలు తిప్పి వంకర ఉందేమో గమనించండి. చైన్‌కి స్కేలు పెట్టండి: సున్నా ఒక పిన్ను మధ్యన ఉంటే, 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్యభాగం రావాలి. ఆ పిన్ను 12 అంగుళాల గీతను అంగుళంలో పదహారో వంతుకు మించి దాటితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్లు కూడా అరిగినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఫ్రేమ్ అడుగున ఉండే నంబరు బిల్లుతో సరిపోలాలి. బిల్లు లేదంటే ఎంత చవకైనా వద్దు.

6. తొక్కి చూసి, తర్వాతే డబ్బు

షాపు ముందు రెండు చక్కర్లు కొడితే ఏమీ తెలియదు. కనీసం పావుగంట తొక్కనివ్వమని అడగండి. హైదరాబాద్‌లో ఉంటే, 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కి ఒకసారి వెళ్లండి. మీ ఎత్తున్న వాళ్లు కనిపిస్తే ఏ సైజు వాడుతున్నారో మొహమాటపడకుండా అడగండి.

కొన్నాక మొదటి నెలలో కేబుళ్లు సాగి గేర్లు సరిగా పడవు, చువ్వలు కూడా వదులవుతాయి. షాపు ఇచ్చే మొదటి ఉచిత సర్వీసు అందుకోసమే, దాన్ని వదులుకోకండి.