పెట్టిన కొవ్వు నిలవడం లేదా? కారణం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

"పెట్టిన కొవ్వంతా ఎటు పోయింది డాక్టర్ గారూ?" ఫ్యాట్ గ్రాఫ్టింగ్, అంటే ఒంట్లో ఒకచోటి కొవ్వు తీసి ఇంకోచోట పెట్టే ఆపరేషన్, చేసే ప్రతి సర్జనూ వినే ప్రశ్నే ఇది. కొంత పోవడం మామూలే, ఎంత చేయి తిరిగినవాళ్లు చేసినా మొత్తం నిలవదు. మరీ ఎక్కువ పోతుంటే కొత్త సర్జన్లు ముందు మిషన్‌ని అనుమానిస్తారు. నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది కాన్యులా (కొవ్వు తీయడానికి, పెట్టడానికి వాడే సన్నని గొట్టం) పట్టిన చేతిని.

సమస్య: నెల తిరక్కుండానే బుగ్గ తగ్గిపోయింది

చాలావరకు అది వాపు దిగడం, కొవ్వుతో పాటు వెళ్లిన ద్రవం ఇంకిపోవడం. కంగారుపడి మళ్లీ పెట్టొద్దు. అదే వెలుతురులో, అదే దూరం నుంచి ఫోటోలు తీస్తూ కనీసం మూడు నెలలు ఆగండి. ఈ మాట ఆపరేషన్‌కి ముందే చెబితే పేషెంట్‌కి టెన్షన్ ఉండదు.

సమస్య: మూడు నెలలు దాటాక చూస్తే సగం కూడా లేదు

అసలు కథ ఇక్కడే ఉంది. తీసి పెట్టిన కొవ్వుకు సొంత రక్తనాళాలు ఉండవు. కొత్తవి అల్లుకునేదాకా చుట్టుపక్కల కణజాలం నుంచి ఊరే ద్రవంతోనే బతకాలి. ఆక్సిజన్ అందకపోతే ముదిరిన కొవ్వు కణం ఒక్క రోజులోనే చచ్చిపోతుంది. దానితో పాటు ఉండే మూలకణాలు (స్టెమ్ సెల్స్) సుమారు మూడు రోజులు తట్టుకుంటాయి. జపాన్‌లో యోషిమురా బృందం చేసిన ప్రయోగాల్లో, కొవ్వు ముక్క అంచు నుంచి దాదాపు 0.3 మి.మీ. లోతు వరకే పాత కణాలు బతికాయి. దాని లోపలి పొరలో పాతవి చచ్చినా మూలకణాల నుంచి కొత్తవి పుట్టాయి. నడిమధ్యన ఏదీ మిగల్లేదు. నారు కట్టను విప్పకుండా మడిలో పడేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

అందుకే ముఖానికి 1 మి.లీ. సిరంజి, మొద్దు మొన కాన్యులా వాడండి. లోపలికి తోసేటప్పుడు పిస్టన్ నొక్కొద్దు, వెనక్కి లాగుతూ సన్నని గీతలా వదలండి. ఒక్కో గీతకు 0.1 మి.లీ. మించకుండా, వేర్వేరు లోతుల్లో, వేర్వేరు దిక్కుల నుంచి పెట్టండి. విసుగు పుట్టించే పనే, కానీ ఫలితమంతా ఇందులోనే ఉంది. రక్తనాళంలోకి కొవ్వు వెళ్లి చూపు పోయే ప్రమాదం కూడా ఈ పద్ధతిలో తగ్గుతుంది.

"ఎలాగూ కొంత పోతుంది కదా" అని దట్టించడం ఇంకో పొరపాటు. లోపల ఒత్తిడి పెరిగి సన్న రక్తనాళాలు నొక్కుకుపోతాయి. చర్మం బిగుసుకుని తెల్లబడుతోందంటే ఆపేయండి. రేడియేషన్ తీసుకున్న చర్మం కింద, పాత మచ్చల కింద చోటు ఇంకా తక్కువ. అక్కడ రెండు మూడు విడతల్లో చేయాలని ముందే అనుకోండి.

సమస్య: సిరంజిలో పైన నూనె ఎక్కువగా తేలుతోంది

తీసేటప్పుడే కణాలు పగిలాయి. సక్షన్ తగ్గించండి, కాన్యులా మరీ సన్నగా ఉంటే కాస్త లావుది వాడండి. కొవ్వును గిర్రున తిప్పి నూనె, ద్రవం వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌కి అమెరికన్ సర్జన్ కోల్‌మన్ చెప్పిన 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు), 3 నిమిషాలు చాలు. కడిగి వడకట్టినా మంచి ఫలితాలే వస్తున్నాయి. ఏ పద్ధతైనా కొవ్వును గాలికి ఎక్కువసేపు వదలొద్దు.

సమస్య: చేతికి గడ్డ తగులుతోంది

ఒకేచోట ముద్దగా పడి చచ్చిన కొవ్వు, లేదా నూనె తిత్తి. అల్ట్రాసౌండ్ చేయించండి, తిత్తి అయితే సూదితో లాగేయొచ్చు. రొమ్ములో అయితే కాల్షియం మచ్చలు కూడా రావచ్చు కాబట్టి, మామోగ్రామ్ అప్పుడు గ్రాఫ్టింగ్ సంగతి రేడియాలజిస్ట్‌కి చెప్పమనండి. కొత్తగా వచ్చిన గడ్డ ఏదైనా సరే పరీక్ష చేయకుండా కొవ్వేలే అని వదలకూడదు. ఎరుపు, జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ అనుకుని అదే రోజు చూడాలి.

పేషెంట్ వైపు

సిగరెట్ రక్తనాళాలను కుదిస్తుంది, మానేశాకే టేబుల్ ఎక్కించండి. గ్రాఫ్ట్ పెట్టిన చోట మొదటి వారాల్లో ఒత్తిడి పడకూడదు. తర్వాత బాగా బరువు తగ్గితే ఆ కొవ్వూ తగ్గుతుంది.

ఇక "స్టెమ్ సెల్ ఫ్యాట్" ప్యాకేజీలు. మూలకణాలు కలిపితే ఎక్కువ నిలుస్తుందనే ఆలోచనలో అర్థముంది కానీ, ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. పైగా 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం, రక్త వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలు అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. ప్యాకేజీ అమ్మేవాళ్లను ముందు ఆ అనుమతి కాగితం అడగండి.