మున్సిపల్ ఛైర్మన్‌ దగ్గరికి ఏ పనికి పోవాలి, ఆయన ఓటు ఎంత

దేవరకొండ, కల్వకుర్తి లాంటి పట్టణాల్లో మోరీ నిండినా, ఇంటి పర్మిషన్ ఆగినా జనం ముందు ఛైర్మన్ ఇంటికే పోతారు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం వచ్చాక ఇంటి పర్మిషన్లు ఆన్‌లైన్‌లోనే. ఛైర్మన్ సంతకానికి అక్కడ చోటు లేదు. రోజువారీ పారిశుధ్యం, సిబ్బంది, బిల్లులు కమిషనర్ చూసుకుంటారు.

కొత్త మోరీ, సీసీ రోడ్డు కావాలంటే మాత్రం కౌన్సిల్ తీర్మానం కావాలి. ముందు మున్సిపల్ ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో దరఖాస్తు ఇచ్చి నంబరు రాయించుకోండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)తో కొలతలు తీయించి ఎస్టిమేట్ వేయించండి. ఆ తర్వాతే కౌన్సిలర్‌ను, ఛైర్మన్‌ను కలిసి ఎజెండాలో పెట్టమనండి. ఎస్టిమేట్ లేని ఐటెం ఎజెండాకెక్కినా మీటింగులో వాయిదా పడుతుంది. ‘12వ వార్డులో మోరీ’ అని రాస్తే చాలదు. ‘హనుమాన్ గుడి నుంచి మెయిన్ రోడ్డు దాకా’ అని హద్దులతో రాయించండి. లేకుంటే పని పక్క గల్లీకి పోతుంది, అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

మీటింగులో ఛైర్మన్‌ది కూడా ఒక్క ఓటే. రెండువైపులా సమానమైతే అధ్యక్షత వహించేవారికి మరో ఓటు ఉంటుంది. వార్డు నుంచి గెలవకుండా కౌన్సిల్ చేర్చుకున్న కో-ఆప్షన్ సభ్యులు మాట్లాడొచ్చు, ఓటు లేదు. తీర్మానం నచ్చని కౌన్సిలర్ అక్కడికక్కడే అసమ్మతిని మినిట్స్‌లో రాయించాలి. బయటికొచ్చి ప్రెస్‌మీట్ పెడితే రికార్డుకెక్కదు.

ఛైర్మన్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. కౌన్సిలర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులు (ఎమ్మెల్యే, ఎంపీ లాంటి పదవి వల్ల సభ్యులైనవారు) చేతులెత్తి ఎన్నుకుంటారు. సమానమైతే లాటరీ. నల్లగొండ ఎంపీ పరిధిలో మున్సిపాలిటీలు చాలా ఉన్నా ఆయన ఓటు ఒక్కచోటే. ఎక్కడో ముందే ఎంచుకోవాలి. పార్టీ విప్ (ఎవరికి ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించి వేసిన ఓటు చెల్లుతుంది, వేసినవారి సభ్యత్వం మాత్రం పోతుంది.

అవిశ్వాసం దగ్గరే లెక్క తప్పుతారు. ఛైర్మన్ పదవి చేపట్టి మూడేళ్లు దాటాలి. 20 మంది కౌన్సిలర్లు, ఒక ఎమ్మెల్యే, ఒక ఎంపీ అనుకుంటే మొత్తం 22. నోటీసుపై కనీసం 11 సంతకాలుండాలి, దాన్ని కలెక్టర్‌కు ఇవ్వాలి. నెగ్గడానికి మాత్రం మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు, అంటే 15 ఓట్లు. వచ్చినవాళ్లలో కాదు, మొత్తం సభ్యుల్లో. అందుకే చేజారకుండా ఊరి బయట క్యాంపుకు తీసుకుపోయిన 15 మందిలో ఒక్కరు జారుకున్నా చాలు, మీటింగుకు రాకుండా ఇంట్లో కూర్చున్నా సరే, అది ఛైర్మన్ ఖాతాలోకే పోతుంది.