ఎవరి ఓటు వాళ్లే వేసుకునేలా: స్థానిక ఎన్నికల్లో వికలాంగులకు పరికరాలు ఎలా ఏర్పాటు చేయాలి?

చూపు లేని ఓటరు పోలింగ్ కేంద్రంలోకి అడుగు పెట్టగానే సాధారణంగా వినిపించే మాట: "మీ వాళ్లెవరైనా వచ్చారా? వాళ్లతో వేయించండి." ఓటు పడుతుంది, వరస ముందుకు కదులుతుంది. అయితే ఆ ఓటు ఎవరికి పడిందో ఖాయంగా తెలిసింది వేసిన మనిషికే. వేయించుకున్న మనిషి నమ్మాలంతే. స్థానిక ఎన్నికల్లో ఈ నమ్మకం మరీ బరువు. అభ్యర్థి పక్కింటాయన కావచ్చు, వెంట వచ్చిన తోడు ఆయన బంధువే కావచ్చు, గెలుపోటముల మధ్య తేడా పది ఓట్లు కూడా ఉండకపోవచ్చు.

పరికరాల ఏర్పాటు అంటే యంత్రం కొని ఒక మూల పెట్టడం కాదు. ఓటరు ఎవరి మీదా ఆధారపడకుండా ఓటు వేయగలగాలి, ఎవరికి వేశారో ఎవరికీ తెలియకూడదు. ఈ రెండూ కుదిరితేనే ఏర్పాటు జరిగినట్టు.

ముందు చట్టం ఏం చెబుతోందో చూసుకోండి

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 29వ అధికరణం రహస్య ఓటునూ, అందుకు సాయపడే సాంకేతికతనూ కలిపే ప్రస్తావించింది. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్ కేంద్ర ఎన్నికల సంఘంతో ఆగలేదు. స్థానిక ఎన్నికలు జరిపే రాష్ట్ర ఎన్నికల సంఘాలకూ అదే బాధ్యత పెట్టింది. అమెరికాలో 2002 నాటి చట్టం ప్రకారం ఫెడరల్ ఎన్నికలు, అంటే జాతీయ పదవులకు ఎన్నికలు, జరిగే ప్రతి పోలింగ్ కేంద్రంలో వికలాంగులు వాడగలిగే యంత్రం కనీసం ఒకటుండాలి. ఒక్క స్థానిక పదవులకే ఎన్నిక జరిగితే ఆ చట్టం నేరుగా వర్తించదు, 1990 నాటి వికలాంగుల చట్టాన్ని పట్టుకోవాలి. చిన్న ఎన్నికలు జారిపోయేది ఇలాంటి సందుల్లోనే. మీకు వర్తించే నియమం ఏదో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రేపు డబ్బు అడగాల్సి వస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదే.

కొనేముందు వాడేవాళ్లను పిలవండి

కేటలాగ్ చూసి ఆర్డర్ పెట్టేయకండి. చూపు పూర్తిగా లేనివాళ్లు, మసకగా కనిపించేవాళ్లు, చేతులు సరిగా పనిచేయనివాళ్లు, చక్రాల కుర్చీ వాడేవాళ్లు, వినికిడి లేనివాళ్లు, చదవడం కష్టమయ్యేవాళ్లు. ఒక్కొక్క తరహా నుంచి ఒకరిద్దరిని పిలిచి, నమూనా బ్యాలెట్‌తో ఓ పూట ఓటు వేయించి చూడండి. బ్రెయిలీ ఉంటే చాలనుకోవడం అందరూ చేసే పొరపాటు. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిలీ రాదు, వాళ్లకు వినిపించే ఏర్పాటు కావాలి. మసకగా కనిపించేవాళ్లకు ఒక్కోసారి మంచి దీపం, భూతద్దం, పెద్ద అక్షరాల నమూనా బ్యాలెట్ సరిపోతాయి. వీటికి పెద్దగా ఖర్చు లేదు కాబట్టి ప్రతి కేంద్రంలోనూ పెట్టేయొచ్చు.

కాగితపు బ్యాలెట్ అయితే: టెంప్లేట్

బ్యాలెట్ పత్రం లోపల అమరేలా గట్టి అట్టతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన తొడుగు ఇది. ప్రతి అభ్యర్థికి ఎదురుగా ఒక కిటికీ, దాని పక్కన ఉబ్బెత్తు అంకె, బ్రెయిలీ అంకె ఉంటాయి. ఓటరు వేలితో తడిమి, అంకెలు లెక్కపెట్టుకుని, కావలసిన కిటికీలో గుర్తు పెడతారు. చెప్పడానికి ఇంతే, కానీ తయారీలో చాలాచోట్ల తేడా వస్తుంది.

టెంప్లేట్ తలకిందులుగా ఉందో లేదో చేతికి తెలియాలి, అందుకు పై కుడి మూల ఏటవాలుగా కత్తిరించాలి. లోపల కాగితం అర సెంటీమీటరు జరిగినా గుర్తు రెండు గళ్ల మధ్య పడి ఓటు చెల్లకుండా పోతుంది. కాబట్టి కాగితం కదలకుండా పట్టే అంచు ఉండాలి. ముద్ర వేసే పద్ధతి ఉన్నచోట కిటికీ ముద్ర కంటే కాస్త పెద్దదిగా ఉండాలి, సిరా అంచుకు అంటుకుని తర్వాతి ఓటరు బ్యాలెట్ మీదకు పాకకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తొడుగు బ్యాలెట్ మీద గీత గానీ నొక్కు గానీ మిగల్చకూడదు. లెక్కింపు బల్ల మీద ఆ నొక్కే ఓటరు ఆనవాలైపోతుంది. బ్యాలెట్ మీదే బ్రెయిలీ చుక్కలు కొట్టకూడదనేదీ ఇందుకే.

స్థానిక ఎన్నికల్లో వార్డు వార్డుకూ బ్యాలెట్ మారుతుంది, అభ్యర్థుల సంఖ్యా మారుతుంది. పేర్లతో టెంప్లేట్ చేయిస్తే ఉపసంహరణల గడువు దాటాక సమయం చాలదు. అంకెలతోనే చేయించి, పేర్ల జాబితాను బ్రెయిలీలోనూ ఆడియోలోనూ విడిగా ఇవ్వడం మేలు. భారత్‌లో ఈవీఎం బ్యాలెట్ యూనిట్ మీద మీటల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి. అభ్యర్థుల పేర్లతో బ్రెయిలీ డమ్మీ షీటు ఇస్తారు. పద్ధతి ఒకటే.

వినిపించే యంత్రం అయితే

హెడ్‌ఫోన్స్‌లో పేర్లు వినిపిస్తాయి, చేతికి తెలిసే మీటలతో ఎంచుకోవచ్చు. చేతులు పనిచేయనివాళ్లు పెద్ద స్విచ్‌తోనో, గొట్టంలోకి ఊది పీల్చే పరికరంతోనో నడపగలగాలి. తమ సొంత స్విచ్ తెచ్చుకునేవాళ్లూ ఉంటారు, అందుకని మామూలు 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉందో లేదో కొనేముందే అడగండి. ఎంచుకున్నది తిరిగి వినిపించి, మార్చుకునే అవకాశం ఇవ్వని యంత్రాన్ని తీసుకోకండి.

పేర్ల రికార్డింగ్ అన్నీ ఒకే గొంతుతో, ఒకే వేగంతో ఉండాలి. ఒక పేరు దగ్గర గొంతు పెరిగినా అది ప్రచారమైపోతుంది. ఇంటిపేర్లు ఎలా పలకాలో అభ్యర్థులనే అడిగి తెలుసుకోండి. తర్వాత జాబితా వరసను, ఆడియో వరసను ఒకటికి రెండుసార్లు సరిచూడండి. మూడో పేరు వినిపించినప్పుడు నాలుగో గడికి ఓటు పడిందంటే ఇంత శ్రమా నష్టమే.

ఇక చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. కొన్ని యంత్రాలు ముద్రించే బ్యాలెట్ చేత్తో నింపిన బ్యాలెట్‌లా ఉండదు, సైజు వేరు, రూపం వేరు. ఆ కేంద్రంలో యంత్రం వాడింది ఒక్కరే అయితే, పెట్టె తెరవగానే ఆ ఓటు ఎవరిదో ఊరంతటికీ తెలుస్తుంది. నా ఓటు అయితే, అందరికీ ఇచ్చే బ్యాలెట్ మీదే గుర్తు పెట్టే యంత్రానికి. అది దొరక్కపోతే మిగతా ఓటర్లలో కూడా కొందరు ఆ యంత్రం మీదే వేసేలా సిబ్బంది చూడాలి. "మీరు కూడా వాడొచ్చు" అని వచ్చినవాళ్లందరికీ చెబితే చాలు, ఎంతోకొంతమంది వాడతారు.

గది అమరిక

మెట్టు 15 సెంటీమీటర్లుంటే ర్యాంప్ కనీసం 180 సెంటీమీటర్ల పొడవుండాలి, ఒకటికి పన్నెండు లెక్కన. పలక ఒకటి అడ్డంగా వేసి ర్యాంప్ అనిపించుకోవద్దు. చక్రాల కుర్చీ కోసం వేసే బల్ల కింద మోకాళ్లు పట్టేలా దాదాపు 70 సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. యంత్రం తెర (స్క్రీన్) గోడవైపు తిరిగి ఉండాలి. కుర్చీలో కూర్చున్నవారి తల తెరను పూర్తిగా కప్పదు కాబట్టి వెనక అట్ట అడ్డుపెట్టండి. బ్యాలెట్ పెట్టె ఎత్తు కూడా చూసుకోండి. ఓటు తనే వేసుకుని, కాగితం పెట్టెలో వేయడానికి ఇంకొకరి చేతికి ఇవ్వాల్సి వస్తే ఏం లాభం? నడిచే దారిలో విద్యుత్ తీగలు లేకుండా చూడండి.

సిబ్బంది, పోలింగ్ రోజు

శిక్షణలో ప్రతి ఒక్కరినీ కళ్లకు గంతలు కట్టి ఆ యంత్రం మీద ఒక ఓటు వేయమనండి. అరగంట ఉపన్యాసం కంటే అదే ఎక్కువ నేర్పుతుంది. ఉదయం మాక్ పోల్, అంటే అసలు పోలింగ్‌కు ముందు ఓట్లు వేసి చూసే పరీక్ష, ఈ పరికరం మీద కూడా చేయాలి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి. యంత్రం మొదటి ఓటరు రాకముందే ఆన్‌లో ఉండాలి. ఎవరో అడిగాక పెట్టె విప్పి, తీగలు వెతుకుతూ కూర్చుంటే ఆ ఓటరు మళ్లీ అడగడు. ఒకరు వాడాక శబ్దం, వేగం మొదటి స్థాయికి తెచ్చి, హెడ్‌ఫోన్స్ కవర్ మార్చండి.

మాట్లాడేది ఓటరుతో, పక్కన ఉన్నవారితో కాదు. "ఆయనకు ఏం కావాలి?" అని తోడు వచ్చినవారిని అడగకండి. "ఇక్కడ వినిపించే యంత్రం ఉంది, టెంప్లేట్ ఉంది, తోడుతోనూ వేయొచ్చు, మీరెలా వేస్తారు?" అని ఓటరునే అడగండి. తోడు కావాలంటే కాదనకూడదు, పరికరం ఉంది కదా అని బలవంతం చేయకూడదు. అయితే తోడు ఎవరో ఓటరే చెప్పాలి. అమెరికా చట్టం ఓటరుకు పని ఇచ్చిన యజమాని గానీ, కార్మిక యూనియన్ ప్రతినిధి గానీ తోడుగా రాకూడదంటుంది. భారత్ నియమాల్లో ఒకే మనిషి ఒకే రోజు ఇద్దరికి తోడుగా ఉండకూడదు, రహస్యం కాపాడతానని రాసి ఇవ్వాలి కూడా.

పోలింగ్ ముగిశాక

పరికరం వాడినవాళ్లు ఎందరో రాసుకోండి, పేర్లు వద్దు. ఎక్కడ ఆగిపోయారో, ఏ మీట దొరక్క తడుముకున్నారో ఆ సాయంత్రమే సిబ్బందిని అడిగి రాయండి, వారం దాటితే గుర్తుండదు. తర్వాతి ఎన్నిక ఉపఎన్నిక రూపంలో ఆరు నెలల్లోనే రావచ్చు, ఐదేళ్లకూ రావచ్చు. బ్యాటరీ తీసి విడిగా పెట్టి, హెడ్‌ఫోన్స్, స్విచ్‌లు అన్నీ లెక్క చూసి సర్ది, ఆఖరిసారి చార్జ్ చేసిన తేదీ పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయండి.