చిన్నపిల్లల చదువు మీరు చదవాలంటే

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ప్లస్ టూ అయిన పిల్లలు అడుగుతుంటారు: "అక్కా, అ ఆలు నేర్పడానికి కాలేజీ చదువెందుకు?"

అడ్మిషన్ మాట తర్వాత. ముందు మీ వీధి అంగన్‌వాడీలో దీదీనడిగి కొన్నాళ్లు కూర్చోండి. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పక్కింట్లో సవర వినే నాలుగేళ్ల పిల్ల చింతపిక్కలు లెక్కపెడుతుంటే చూడండి. నోరు "ఐదు" అనేస్తుంది, వేలు ఇంకా మూడో పిక్క మీదే ఉంటుంది. నోటికొచ్చిన అంకె, చేతిలో పిక్క అప్పటికింకా కలవలేదంతే. గదమాయించకుండా వాటినెలా కలపాలో నేర్పేదే ఈ చదువు. అది చూస్తూ మీకు పొద్దు తెలియకపోతే దరఖాస్తు పెట్టండి.

దూరవిద్య నడిపే ఇగ్నో యూనివర్సిటీలో చిన్నపిల్లల సంరక్షణ, చదువు మీద ఏడాది డిప్లొమా ఉంది, పని చేసుకుంటూ చదవొచ్చు. బడిలో టీచరు కావాలంటే ఐటెప్ అనే నాలుగేళ్ల టీచర్ డిగ్రీలో ఫౌండేషనల్ దశ తీసుకోండి. 2020 జాతీయ విద్యావిధానంలో అది 3 నుంచి 8 ఏళ్ల పిల్లలది. ఐటెప్‌లో చేరడానికి ఎన్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

టీచర్ ట్రైనింగ్ కాలేజీకి ఫీజు కట్టేముందు టీచర్ కోర్సులకు అనుమతిచ్చే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ గుర్తింపు దానికుందో లేదో మీరే చూసుకోండి. పిల్లల మధ్య ప్రాక్టికల్స్ ఎన్ని వారాలో అడగండి. సూటిగా చెప్పకపోతే ఆ కాలేజీ వద్దు.