కొత్త బాయిలర్‌లో సుగంధి పాకం ఎలా కాచాలి?

కరెంటు బాయిలర్ కొన్నవాళ్ళలో చాలామంది పెట్టె విప్పిన రోజే అందులో సుగంధి పాకం, అంటే వేసవిలో నీళ్ళు కలుపుకుని తాగే సుగంధి వేళ్ళ పాకం, కాచేస్తారు. సాయంత్రానికి నాకు ఫోను చేసి, "మాడు వాసన వస్తోంది, ఏం చేయమంటారు?" అని అడుగుతారు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు, పారబోయడమే. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను.

అడుగున కాయిల్, పక్కన కొళాయి ఉన్న 10 లీటర్ల స్టీలు బాయిలర్ చాలు. విదేశాల్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళు వాడేదీ ఇదే రకం. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం నేరం కాబట్టి నా బాయిలర్ వేసవి సుగంధికే. ఇక పాకానికి కావలసినవి: సుగంధి పాల వేళ్ళు 250 గ్రాములు, పంచదార 5 కిలోలు, నిమ్మకాయలు 4, నూలు గుడ్డ, థర్మామీటరు. విజయవాడలో ఉన్నవాళ్ళు వేళ్ళ కోసం వన్‌టౌన్‌లో మూలికలు అమ్మే కొట్లకు వెళ్ళండి. ఒక వేరు విరిచి వాసన చూడండి. వాసన రాకపోతే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ముందు బాయిలర్ సంగతి. తెల్లగుడ్డకు నూనె రాసి లోపలంతా తుడవండి. పాలిష్ మసి నల్లగా అంటుతుంది. అంటడం ఆగేదాకా గుడ్డ మార్చి తుడిచి, సబ్బుతో కడిగి, 10 లీటర్ల నీళ్ళు పోయండి. 2,000 వాట్ల కాయిల్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కనుక, ఎర్త్ సరిగా ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు తప్పనిసరి. మూత పెడితే అరగంటకు కాస్త అటూ ఇటూగా నీళ్ళు మరగాలి. కొళాయి మొదట్లో వేలు పెట్టి చూడండి. చల్లగా ఉన్నప్పుడు కారని వాషర్ వేడెక్కాక చెమర్చవచ్చు. అలా జరిగితే ప్లగ్గు తీసి, చల్లారాకే నట్టు బిగించండి. ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచినీళ్ళు కాచి, చల్లార్చి ఒక గుక్క తాగి చూడండి. లోహపు రుచి తగిలితే మరోసారి కాచాలి. బోరు నీళ్ళు వద్దు, కాయిల్‌కు తెల్లటి గార కడుతుంది.

వేళ్ళను కడిగి, తేలికగా దంచి, మధ్యలోని పుల్ల తీసేయండి. వాసనంతా పైబెరడులోనే ఉంటుంది. బెరడును 4 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున మూట కట్టండి. ఆ నీళ్ళను బాయిలర్‌లో పోసి, కాయిల్‌ను తాకకుండా మూటను అడ్డపుల్లకు వేలాడదీయండి. కాయిల్ నిండా మునిగిందో లేదో చూసుకోండి. నీళ్ళు లేకుండా వేడెక్కితే కాయిల్ కాలిపోతుంది. 85 డిగ్రీల దగ్గర మూత పెట్టి 45 నిమిషాలు ఉంచండి, మరగనివ్వకండి. బాయిలర్ మీద వేడి తిప్పే మర చుట్టూ ఉన్న గుర్తులు ఒకటి చెబుతాయి, నీళ్ళు ఇంకొకటి చెబుతాయి, థర్మామీటరునే నమ్మండి. గలగలా మరిగిస్తేనే సారం దిగుతుందని కొందరు వాదిస్తారు. సుగంధి వాసన ఆవిరితో పోయే వాసన. వీధంతా గుమగుమలాడిందంటే సీసాలోకి రావలసింది గాలిలో కలిసిపోయినట్టే.

ఇక పంచదార. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

గ్యాసు పొయ్యి మీద గిన్నెలో పాకం కాచినట్టు బాయిలర్‌లో కాచకూడదు. కషాయం 85 డిగ్రీలే ఉన్నా, కరెంటు ఉన్నంతసేపూ కాయిల్ పైభాగం అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. మీరు పోసిన పంచదార అడుగుకు జారి సరిగ్గా దాని మీదే పడుతుంది. అక్కడ అది కరగదు, మాడుతుంది. పైకి తేరుకున్న కషాయమే కనిపిస్తుంది కనుక చూసేవాళ్ళకు తెలియదు. వాసన ముక్కుకు తగిలేసరికి ఆ చేదు మొత్తానికీ పట్టేసి ఉంటుంది. సత్యనారాయణపురంలో మా బంధువుల ఇంట్లో ఒక మే నెలలో 5 కిలోల పంచదార ఇలాగే పోయింది. కాయిల్‌కు పట్టిన నల్లటి పెచ్చును నిమ్మ ఉప్పు వేసి కాచినా వదల్చలేకపోయాం. నిమ్మ ఉప్పు గారను వదిలిస్తుంది కానీ మాడిన పంచదారను కాదు.

అందుకని స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గు ఊడదీయండి. మూట తీసి పిండకుండా ఓడ్చండి. పిండితే వగరు దిగుతుంది. కాయిల్ వేడి తగ్గడానికి 5 నిమిషాలు ఆగి, ఒకరు పంచదార కిలో చొప్పున సన్నగా పోస్తుంటే ఇంకొకరు చెక్క గరిటెతో అడుగు నుంచి కలపాలి. మొదట గరిటె కింద ఇసుక రాసుకున్నట్టు గరగరమంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాకే తరువాతి కిలో. కాయిల్ కిందికి కూడా గరిటె పోనివ్వండి, గింజలు అక్కడే దాక్కుంటాయి. 5 కిలోలు కరగడానికి ఆ వేడి సరిపోతుంది. చల్లబడిందేమోనన్న భయంతో మళ్ళీ ప్లగ్గు పెట్టకండి. పాకం చిక్కబడాలని ఇంకాసేపు కాచేవాళ్ళూ ఉన్నారు. గ్లాసులో నీళ్ళు కలుపుకునే పాకానికి తీగ అక్కర్లేదు.

గోరువెచ్చగా అయ్యాక నిమ్మరసం కలిపి, కొళాయి కింద గుడ్డ కట్టి, తడి లేని గాజు సీసాల్లోకి పట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. వెంటనే బాయిలర్‌లో వేడినీళ్ళు పోసి కొళాయి గుండా వదలండి. కొళాయి విప్పి వాషర్ కూడా కడగండి. ఆ సందులో పాకం ఆరిపోయిందంటే మరుసటిసారి మర కదలదు.