యూపీవీసీ కిటికీ హ్యాండిల్ ఎంత బిగించినా మళ్లీ వదులవుతోందా?

హ్యాండిల్ కాస్త ఊగగానే కొత్తది కొనడానికి బయలుదేరేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ముందు దాని మూత తిప్పి చూడండి. రెక్కకు ఆనుకుని ఉండే భాగం మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాన్ని కొంచెం పైకి లేపి పావు వంతు తిప్పితే కింద రెండు స్క్రూలు కనిపిస్తాయి. ఆ స్క్రూలు అక్కడ ఉన్నాయని తెలియకే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటున్నారు.

హ్యాండిల్ ఊగుతోంది కానీ లాక్ బాగానే పడుతోంది

ఆ రెండు స్క్రూలే వదులయ్యాయి. చేత్తోనే బిగించండి, డ్రిల్ పెట్టొద్దు. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలికి స్క్రూ తల తుప్పు పట్టి ఉంటుంది. పాతదాన్ని చేతిలో పట్టుకెళ్లి అదే పొడవులో స్టెయిన్‌లెస్ స్క్రూ తెచ్చుకోండి. ఎక్కువగా 5 మిల్లీమీటర్ల మర స్క్రూలే వాడతారు.

స్క్రూ తిరుగుతూనే ఉంది, బిగియడం లేదు

మర పోయింది. అగ్గిపుల్లలు దూర్చి జిగురు పోయకండి. తర్వాత విప్పాల్సి వస్తే రెక్క పాడవుతుంది. చాలా కిటికీల్లో ఈ స్క్రూలు పట్టుకునేది లోపలి గేర్‌బాక్స్ మరనే. హ్యాండిల్ తిప్పితే లాక్‌ను కదిలించే భాగమే గేర్‌బాక్స్. మర అరిగితే గేర్‌బాక్స్ మార్చడమే దారి.

బిగించిన కొన్నాళ్లకే మళ్లీ వదులవుతోంది

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. కోనసీమలో ఒక మేడ మీద గది, కిటికీ పెట్టి పన్నెండేళ్లు దాటింది. ఒక్క వర్షాకాలంలోనే ఆ హ్యాండిల్‌ను మూడుసార్లు బిగించాను. నాలుగోసారి కొత్తది వేశాను. నెల తిరక్కుండా అదీ ఊగింది. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ అంది, "రెక్కని కాస్త పైకెత్తితేగానీ పడట్లేదు నాయనా" అని. తప్పు హ్యాండిల్‌ది కాదని అప్పుడు అర్థమైంది. రెక్క కిందికి జారింది.

రెక్క జారితే దాని లాక్ ముక్కలు ఫ్రేమ్ మీదున్న పట్టీలకు తగులుతాయి. మనం బలంగా తిప్పుతాం. ఆ బలమంతా రోజూ రెండు స్క్రూల మీద పడుతుంది. ఇక ఎన్నిసార్లు బిగించినా నిలవవు.

చాలామంది దీన్ని "ముసురుకి ఉబ్బింది" అని వదిలేస్తారు. పాత చెక్క కిటికీలతో వచ్చిన అలవాటది. యూపీవీసీ ఒక రకం గట్టి ప్లాస్టిక్, తేమకు ఉబ్బదు. ఎండకు మాత్రం సాగుతుంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే మీటరుకు అర మిల్లీమీటరు పైనే. అందుకే ఇప్పుడు చెప్పే పరీక్ష పొద్దున్నే చేయండి.

రెక్క తెరిచి ఉంచి హ్యాండిల్ తిప్పండి, తర్వాత మూసి తిప్పండి. తెరిచినప్పుడు తేలిగ్గా తిరిగి, మూసినప్పుడు బిగుసుకుంటే దాదాపు జారుడే. మూసేటప్పుడు హ్యాండిల్ వైపు రెక్కను కొంచెం పైకెత్తి చూడండి. అప్పుడు సులువుగా పడితే ఇక అనుమానమే లేదు.

ముందు పైనా కిందా రెక్కను ఫ్రేమ్‌కు కలిపే కబ్జా పట్టీల స్క్రూలు చూడండి. వదులుంటే ఒక్కొక్కటే బిగించండి. మేడ మీదైతే రెక్కను ఇంకొకరు పట్టుకోవాలి, మీరు బయటికి వంగకూడదు. కబ్జా గట్టిగానే ఉంటే తేడా అద్దం దగ్గరుంది. 5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 12.5 కిలోలు తూగుతుంది. ఆ బరువు కబ్జా వైపు కింది మూలకు చేరాలి. అందుకే కబ్జా వైపు కింది మూలలో, హ్యాండిల్ వైపు పై మూలలో అద్దం అంచున ప్లాస్టిక్ ముక్కలు పెడతారు. అవి పక్కకు జరిగినా, బిగించినవాళ్లు అసలు పెట్టకపోయినా రెక్క మూల వాలిపోతుంది. నేను చెప్పిన ఇంట్లో పై ముక్క లేనే లేదు.

అద్దం చుట్టూ దాన్ని పట్టి ఉంచే సన్న పట్టీలు, అంటే బీడింగ్‌ను, పొడవు వైపు మధ్యలోంచి లప్పం బ్లేడుతో లేపండి. ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి. రెక్కను పైకెత్తించి, పై మూల ఖాళీలో సరిపడా మందం ముక్క పెట్టండి. బీడింగ్ తిరిగి పెట్టేటప్పుడు పొట్టి వైపులు ముందు, పొడవు వైపులు తర్వాత. అద్దం పెద్దదైనా, రెండు పొరలదైనా పనివాడిని పిలవండి, ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. రెక్క సరైన ఎత్తుకు వచ్చాక పాత హ్యాండిల్‌నే బిగించి చూడండి. ఆ మేడ మీద కిటికీకి నేను తీసేసిన పాతదే మళ్లీ పెట్టాను, ఇప్పటికీ గట్టిగానే ఉంది.

గట్టిగా తిరుగుతోందని కొబ్బరినూనె పోయకండి. దుమ్ము పట్టి జిడ్డు పేరుకుంటుంది. సిలికాన్ స్ప్రే చాలు.

ఇక అరుదైనవి. హ్యాండిల్ గుండ్రంగా తిరుగుతూ లాక్ కదలకపోతే లోపలి చదరపు కడ్డీ గానీ గేర్‌బాక్స్ గానీ అరిగింది. పాతది విప్పి పట్టుకెళ్లి అదే కొలతది తెచ్చుకోండి. హ్యాండిల్ మెడ దగ్గర చీలితే అతికించినా నిలవదు, మార్చేయండి.